నీళ్లలో చప్పుడు

వైజాగ్ వెళ్లినవాళ్లలో ఆర్కే బీచ్‌లోని సబ్‌మెరైన్ చూడనివాళ్లు తక్కువ. మీరూ చూసే ఉంటారు. టికెట్టు తీసుకుని, వరుసలో నిలబడి, తలకు ఏదీ తగలకుండా వంగి వంగి నడిచి, లోపల నాలుగు ఫొటోలు దిగి, బయటికి రాగానే పిల్లలకు మొక్కజొన్న పొత్తు కొనిపెట్టి ఉంటారు. పోయిన సంక్రాంతి సెలవుల్లో మేమూ అదే పని మీద పోయాం. నేను, మా ఆవిడ, మన స్కూల్లో ఏడో తరగతి చదివే మా అమ్మాయి.

నాది గురజాలలో మోటార్ వైండింగ్ షాపు. మిరప తోటలకూ పత్తి చేలకూ నీళ్లు తోడే మోటార్లు కాలిపోతే నా దగ్గరికి వస్తాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా మోటార్ల చప్పుడులోనే నా బతుకు. మోటారు ఆన్ చేయగానే వచ్చే మోతను బట్టి దాని జబ్బు సగం చెప్పగలను. బేరింగ్ పోయిందా, షాఫ్టు వంగిందా, ఒక ఫేజు రావడం లేదా, చెవికి తెలిసిపోతుంది. అనుమానంగా ఉంటే పెద్ద స్క్రూడ్రైవర్ కొనను మోటారు బాడీ మీద పెట్టి, పిడిని చెవికి ఆనిస్తాను. గాలిలో వినపడని గీర ఇనుములోంచి స్పష్టంగా వినపడుతుంది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఇన్నేళ్లు చెవితో బతికినవాడిని ఎంత తప్పు చెప్పానో మీకు తెలియాలని చెబుతున్నాను.

పిడుగురాళ్లలో రైలెక్కాం. సెలవుల్లో టూర్ డైరీ రాసుకురమ్మని స్కూల్లో చెప్పారట. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని కనపడిన స్టేషనల్లా రాసుకుంటూ వచ్చింది. రైలు గోదావరి వంతెన మీద పోతుంటే కిందికి చూసి అడిగింది.

"నాన్నా, సబ్‌మెరైన్‌లో వాళ్లు చప్పుడు చేయకూడదంట కదా. నీళ్లలో అంత లోతున ఉంటే బయటికి ఎట్లా వినపడుద్ది?"

'ఘాజీ' సినిమా టీవీలో వచ్చినప్పటి నుంచి ఆ సందేహం దాని బుర్రలో ఉంది. నేను ఫోనులో ఏదో చూసుకుంటున్నాను. తల ఎత్తకుండానే, "వినపడదులేమ్మా. నీళ్లు చప్పుడుని మింగేస్తాయి. సినిమా కోసం అట్లా చూపిస్తారు" అన్నాను. సరేనని డైరీ తెరిచి రాసుకుంది. 'నీళ్లు శబ్దాన్ని మింగేస్తాయి. నాన్న చెప్పారు.'

మనం పిల్లలకు రోజుకు ఇట్లాంటి జవాబులు ఎన్ని ఇస్తామో మీకూ తెలుసు. చాలా వరకు గాలికి పోతాయి. ఇది మాత్రం కాగితం మీద పడింది.

ఆ సబ్‌మెరైన్ పేరు ఐఎన్‌ఎస్ కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి 73,500 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 1,36,000 కిలోమీటర్లు తిరిగింది. 2001 ఫిబ్రవరి 27న సర్వీసు నుంచి తప్పించి, తర్వాత ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. ఆ పొడవంతా ఏడు గదులు. లోపల మనకు అన్నీ చూపించి వివరించేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే. మాకు చెప్పిన పెద్దాయన జుట్టంతా నెరిసింది, గొంతు మాత్రం ఇంకా డ్యూటీలో ఉన్నట్టే ఉంది. మీరు వెళ్తే ఫొటోలు కాస్త తగ్గించి అట్లాంటివాళ్లు చెప్పేది వినండి. టికెట్టు డబ్బుకు విలువైంది అదే.

ఇంజన్ల గదిలో ఆయన అన్నాడు, లోపల చేతిలోంచి స్పానర్ జారి ఇనుప పలక మీద పడితే, బయట వింటున్నవాడికి తలుపు తట్టి మన అడ్రసు చెప్పినట్టేనని. మా అమ్మాయి వెంటనే చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"అంకుల్, నీళ్లు శబ్దాన్ని మింగేస్తాయి కదా?"

"ఎవరు చెప్పారమ్మా?"

అది నా వైపు చూసింది. నేను గోడ మీద మీటరు ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాను.

ఆయన నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. "సగం నిజమే తల్లీ" అన్నాడు. నీళ్లలో పుట్టిన చప్పుడు నీళ్లు దాటి గాలిలోకి రావడం కష్టం, పైతలం దాకా వచ్చి చాలా వరకు మళ్లీ కిందికే తిరిగిపోతుంది, అందుకే ఒడ్డున ఉన్నవాడికి వినపడదు. కానీ నీళ్లలోనే ఉంటే గాలిలో కన్నా చాలా దూరం పోతుంది, చాలా వేగంగా పోతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే సముద్రంలో సుమారు 1,500 మీటర్లు. "మనల్ని వెతికేవాడు ఒడ్డున నిలబడి వినడమ్మా. వాడూ నీళ్లలోనే చెవి పెడతాడు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మా తాత పొలంలో బావి గుర్తొచ్చింది. మెట్ల బావి. ఎండాకాలం మధ్యాహ్నాలు మేం ఆరేడుగురం అందులోనే ఉండేవాళ్లం. మాకో ఆట ఉండేది. ఒకడు రెండు గులకరాళ్లు పట్టుకుని ఒక మూల మునుగుతాడు, ఇంకొకడు ఎదురు మూల మునుగుతాడు. మొదటివాడు నీళ్లలో రాళ్లు ఎన్నిసార్లు కొట్టాడో రెండోవాడు పైకి తేలి చెప్పాలి. టక్, టక్, టక్. చెవి పక్కనే కొట్టినట్టు వినపడేది. ఎటువైపు నుంచి వస్తోందో మాత్రం తెలిసేది కాదు, తల లోపలే మోగినట్టు ఉండేది. మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ఏమీ వినపడేది కాదు కాబట్టి, మునిగినవాడు అబద్ధం చెబుతున్నాడని రోజూ ఒక తగాదా.

అంటే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు నాకు దాని వయసులోనే తెలుసు. చెవితో తెలుసుకున్నాను. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్న ప్రతిసారీ మళ్లీ తెలుసుకుంటూనే ఉన్నాను. అయినా రైల్లో అది అడిగితే మెట్ల మీద కూర్చున్నవాడిలా చెప్పాను.

అక్కడి నుంచి నేనూ పిల్లాడినైపోయాను. పెద్దాయనను వదల్లేదు. వెనక వరుస వాళ్లు తోస్తున్నా, మా ఆవిడ చొక్కా లాగుతున్నా అడుగుతూనే ఉన్నాను. అప్పుడు విన్నవీ, ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నవీ కలిపి, మీ పిల్లలు అడిగితే పనికొస్తాయని కొన్ని చెబుతాను.

కుర్సురాకు మూడు డీజిల్ ఇంజన్లు, మూడు పెద్ద ఎలక్ట్రిక్ మోటార్లు, వెనక మూడు ఫ్యాన్లు. పుస్తకాల్లో ప్రొపెల్లర్ అంటారు, మా షాపు భాషలో ఫ్యానే. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి కాబట్టి అది నీటిపైన ఉన్నప్పుడు నడుస్తుంది, లేదా కాస్త మునిగి ఒక గొట్టాన్ని పైకి పెట్టి గాలి పీల్చుకుంటూ నడుస్తుంది. అప్పుడే బ్యాటరీలు ఛార్జ్ చేసుకుంటుంది. పూర్తిగా మునిగాక ఇంజన్లు ఆపేసి బ్యాటరీతో మోటార్లు తిప్పుతుంది. మనం ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు ఇన్వర్టర్ నింపుకుని, పోయాక వాడుకున్నట్టే. కాకపోతే ఛార్జింగ్ పెట్టుకున్నంతసేపూ డీజిళ్ల మోత సముద్రమంతా చాటింపు వేస్తుంది. వేటగాడు ఎదురుచూసేది ఆ సమయం కోసమే.

మోటార్ల లెక్క వింటే నాకు నోరు తెరుచుకుంది. రెండు 1,350 హెచ్‌పీవి, మధ్యలోది 2,700 హెచ్‌పీ. మొత్తం 5,400. నా షాపుకు వచ్చే పెద్ద మోటారు పది హెచ్‌పీ ఉంటే ఎక్కువ. అయితే నన్ను పట్టుకున్నది అవి కాదు. వాటితోపాటు 180 హెచ్‌పీ చిన్న మోటారు ఇంకొకటి ఉంటుంది. అంత పెద్ద బోటుకు ఇదెందుకని అడిగాను. మెల్లగా పాకడానికట.

ఇందులో లెక్క ఉంది. నీళ్లలో వేగం రెట్టింపు చేయాలంటే శక్తి రెట్టింపు చాలదు, దగ్గర దగ్గర ఎనిమిది రెట్లు కావాలి. పంపుల పనిలో ఉన్నవాళ్లకు ఇది అనుభవమే. తిరగేసి చూస్తే, వేగం సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు శక్తితో పని జరిగిపోతుంది. కుర్సురా మునిగి ఉండగా పెద్ద మోటార్లతో గంటకు 28 కిలోమీటర్ల దాకా పోగలదు, కానీ బ్యాటరీ చూస్తుండగానే ఖాళీ అవుతుంది. అదే గంటకు నాలుగు కిలోమీటర్ల లోపు, మనిషి నడకతో పోతే, ఒక్క ఛార్జింగ్ మీద సుమారు 700 కిలోమీటర్లు పోగలదు. పైగా చప్పుడు ఉండదు.

చప్పుడు ఎందుకు ఉండదో చెప్పడానికి మీ వంటింట్లోకి రావాలి. రేపు పొద్దున టీకి నీళ్లు పెట్టినప్పుడు ఒక్క నిమిషం చెవి అటు వేయండి. నీళ్లు మరగబోయే ముందు సర్‌మని ఒక మోత వస్తుంది. బాగా మరగడం మొదలయ్యాక ఆ మోత తగ్గుతుంది. ఎందుకంటే మొదట్లో గిన్నె అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైకి లేచి, ఇంకా కాగని నీళ్లు తగలగానే పటుక్కున అణిగిపోతాయి. మనం వినేది బుడగలు చచ్చే చప్పుడు. ఫ్యాను నీళ్లలో మరీ వేగంగా తిరిగితే దాని రెక్క వెనక వైపు ఒత్తిడి బాగా పడిపోయి, మంట లేకుండానే నీళ్లు ఆవిరి బుడగలవుతాయి. రెక్క దాటగానే అణిగిపోతాయి. వేలకు వేల బుడగలు. దీన్నే కావిటేషన్ అంటారు. ఆ పేరు నేను మొన్ననే విన్నాను, చప్పుడు మాత్రం పాతదే. పంపు లాగే నీళ్లు దానికి సరిగ్గా అందనప్పుడు గులకరాళ్లు మింగుతున్నట్టు ఒక మోత చేస్తుంది. అట్లాంటి పంపు విప్పి చూస్తే లోపలి ఇంపెల్లర్ చెదలు తిన్న కట్టెలా గుంటలు గుంటలుగా ఉంటుంది. బుడగల దెబ్బకు ఇనుము కూడా తరుగుతుంది మరి.

అందుకే సబ్‌మెరైన్ ఫ్యాను మెల్లగా తిరగాలి. లోతుకు పోయేకొద్దీ పైనీళ్ల ఒత్తిడి పెరిగి బుడగలు పుట్టడం కష్టమవుతుంది కాబట్టి అక్కడ కాస్త వేగం పెంచుకోవచ్చు. మూడు ఫ్యాన్లున్న కుర్సురా లాంటి బోట్లకు ఆ రోజుల్లో పడమటి దేశాల బోట్ల కన్నా చప్పుడు ఎక్కువేనని పెద్దాయన దాచకుండా ఒప్పుకున్నాడు. తర్వాతి కాలం బోట్లకు ఒక్కటే పెద్ద ఫ్యాను, ఎక్కువ రెక్కలు, కత్తిలా వంకర తిరిగినవి. ఆ రెక్కల వంపు ఎంత రహస్యమంటే, బోటు నీళ్ల బయట ఉన్నప్పుడు ఫ్యానుకు గుడ్డ కప్పి ఉంచుతారు. లోపల మిషన్ల కింద రబ్బరు దిమ్మలు వేసి, వాటి అదురు బాడీకి తగలకుండా చేస్తారు. నేను కంప్రెసర్ కింద పాత టైరు ముక్కలు పెడతాను, పక్కింటివాళ్ల పోరు పడలేక. సూత్రం ఒకటే.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అంత మెల్లగా పోయే బోటు తిరగడం ఎట్లా? చుక్కాని పని చేయాలంటే దాని పక్క నుంచి నీళ్లు వేగంగా పారాలి. బోటు దాదాపు ఆగిపోయినప్పుడు చుక్కాని ఎటు తిప్పినా ఉత్తదే. కృష్ణలో పడవ నడిపేవాళ్లను చూసే ఉంటారు. రేవు దగ్గరికి రాగానే తెడ్డు పక్కన పెట్టి వెదురు గడ తీస్తారు. మామూలుగా రేవులో సబ్‌మెరైన్లకు ఆ గడ పని టగ్గు పడవలు చేసిపెడతాయి. కొన్నింటికి ఆ గడ సొంతంగా ఉంటుంది. రష్యా నుంచి లీజుకు తెచ్చుకున్న ఐఎన్‌ఎస్ చక్ర అట్లాంటిదే. 2012 ఏప్రిల్ 4న విశాఖలోనే నౌకాదళంలో చేరి, 2021 దాకా ఉంది. అణుశక్తితో నడిచే బోటు. ఆ రకం బోట్లకు పెద్ద ఫ్యాను కాక, కరెంటుతో తిరిగే చిన్న ఫ్యాన్లు రెండు ఉంటాయి. వాటిని థ్రస్టర్లంటారు. అవసరమైనప్పుడు బయటికి దించి, పనయ్యాక మళ్లీ బాడీలోకి ముడుచుకునేలా అమర్చారు. వాటితో గంటకు తొమ్మిది కిలోమీటర్ల దాకా చడీచప్పుడు లేకుండా జరగవచ్చు. ముడుచుకోవడం ఎందుకంటే, బయటికి పొడుచుకొచ్చిన ఏ ముక్కైనా, బాడీలో తెరిచి ఉన్న ఏ రంధ్రమైనా, నీళ్లు దాన్ని ఒరుసుకుపోతూ చప్పుడు చేస్తాయి. సీసా మూతి మీద గాలి ఊదితే కూత వచ్చినట్టు.

అణుశక్తి బోటుకు గాలి అక్కర్లేదు, నెలల తరబడి మునిగి ఉండొచ్చు. చప్పుడు విషయంలో మాత్రం దాని కష్టం వేరు. డీజిల్ బోటు బ్యాటరీ మీదకు మారితే ఇంజన్లు పూర్తిగా ఆపేయొచ్చు. అణు రియాక్టరును అట్లా కట్టేసి కూర్చోలేరు, దాని వేడిని తీసుకుపోయే ఏర్పాటు ఎప్పుడూ సాగుతూ ఉండాలి. ఆవిరి, టర్బైన్లు, పంపులు, వాటన్నిటి మోత అణచాలి. మన దేశం కట్టుకున్న అరిహంత్ కూడా విశాఖలోనే పుట్టింది. 2009 జులై 26న గురుశరణ్ కౌర్ గారు దాని మీద కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దించారు. కొత్త ట్రాక్టరుకు మనం కొట్టినట్టే. విశాఖలోనే ఎన్‌ఎస్‌టీఎల్ అనే రక్షణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడ అర కిలోమీటరు పొడవున్న నీళ్ల తొట్టిలో బోట్ల నమూనాలు లాగి చూస్తారు. ఫ్యాన్ల దగ్గర బుడగలు ఎట్లా పుడుతున్నాయో చూడటానికి ప్రత్యేకంగా ఒక టన్నెల్ కూడా ఉంది. మన పిల్లల్లో ఎవరైనా అక్కడ పని చేస్తే బాగుంటుందని అనుకున్నాను. అనుకోవడానికి ఫీజు లేదు కదా.

బయటికొచ్చాక రోడ్డు దాటితే ఇంకో మ్యూజియం. 2017 డిసెంబర్‌లో తెరిచారు. అందులో టీయూ-142 అనే పెద్ద విమానం ఉంది. మన నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసింది. దాని పని సముద్రం మీద ఎగురుతూ, మైకులు అమర్చిన గొట్టాలను నీళ్లలోకి జారవిడిచి, అడుగున సబ్‌మెరైన్ ఉందేమో వినడం. ఇంతకుముందు పెద్దాయన చెప్పిన, నీళ్లలో చెవి పెట్టేవాడు ఇతనే. దాక్కునేది రోడ్డుకు ఆ పక్కన, వెతికేది ఈ పక్కన. మా అమ్మాయి రెండింటి మధ్య డివైడర్ మీద కూర్చుని డైరీ తెరిచింది.

రైల్లో రాసింది కొట్టేస్తుందనుకున్నాను. కొట్టేయలేదు. దాని కిందే ఇంకో వాక్యం రాసింది. 'నీళ్లు శబ్దాన్ని మింగవు, దాచుకుంటాయి. అంకుల్ చెప్పారు. నాన్నకు కూడా తెలుసట, మర్చిపోయారట.' స్కూలు తెరిచాక ఆ డైరీ టీచరు గారి దగ్గరికి వెళ్తుందని నాకు తెలుసు. ఆ 'అట' చెరిపెయ్యమని అడగడానికి నోరు రాలేదు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రాళ్ల ఆట చూపించమని ఒకటే పోరు. తాత పొలంలో బావి ఎప్పుడో పూడిపోయింది. పెరట్లో సిమెంటు తొట్టి ఉంది, బోరు నీళ్లు అందులోనే పడతాయి. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తొట్టి నింపి, ఒక చివర నేను చేతులు ముంచి రాళ్లు కొట్టాను, ఇంకో చివర అది చెవి ముంచి లెక్క చెప్పింది. ఏడు కొడితే ఏడు, పదకొండు కొడితే పదకొండు. మా ఆవిడ వాకిట్లోంచి చూసి ఇద్దరికీ జలుబు చేస్తుందని కేకలేసింది.

ఇంతలో నీళ్లు తగ్గాయని మోటారు వేశాను. పైపు మూతి తొట్టి నీళ్లలో మునిగే ఉంది. మా అమ్మాయి చెవి తీయలేదు. కాసేపు అట్లాగే ఉండి, తల ఎత్తి అంది.

"నాన్నా, లోపల ఎవరో గులకరాళ్లు నములుతున్నట్టుంది."

నీళ్లు పడే చప్పుడులేమ్మా అనబోయాను. ఆగాను. షాపులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, కొన బోరు పైపు మీద పెట్టి పిడి చెవికి ఆనించుకున్నాను. గులకరాళ్లే. బోరులో నీటిమట్టం పడిపోయి మోటారు దాకా దిగింది, పంపు నీళ్లతోపాటు గాలి లాగుతోంది. ఇంకో వారం అట్లాగే నడిపి ఉంటే మోటారు కాలిపోయేది. ఊళ్లో అందరి మోటార్లూ చుట్టేవాడి ఇంట్లో.

స్విచ్ ఆపి, మర్నాడు మనుషులను పిలిచి, పైపులు పైకి తీసి, ఇంకో రెండు పైపులు కలిపి మోటారును కిందికి దించాం. అయ్యాక మా అమ్మాయి మళ్లీ తొట్టిలో చెవి పెట్టి వింది. కాసేపటికి బొటనవేలు పైకెత్తి చూపించింది.